గుప్పెట్లో పట్టే ఫౌజు



ఫౌజు, సిపాయి, జమేదారు, సుబేదారు, హవల్దారు, తుపాకి, తోపుఖానా, గస్తీ, పహరా, ఖాకీ. ఈ మాటలు తెలుగు నోళ్ళలో ఎంత నానిపోయాయంటే, ఇవి ఎక్కడివని ఎవరూ అడగరు. సిపాయి అంటే ఫారసీ ‘సిపాహీ’. ఖాకీ అంటే ‘ఖాక్’ రంగు, మట్టి రంగు. తుపాకి తుర్కీ జబాన్ నుంచి వచ్చింది. జంగ్‌కు, పహరాకు సంబంధించిన తెలుగు మాటల్లో పెద్ద హిస్సా ఫారసీ, తుర్కీ, ఉర్దూ దారినే నడిచి వచ్చింది.

మాటలు మిగిలాయి. ఆ మాటల వెనక నిలబడ్డ మనుషుల సూరత్‌లు మాత్రం మిగల్లేదు. నవాబుల తస్వీరులు ఉన్నాయి, ఇంగ్లీషు జనరళ్ళ నూనెరంగుల చిత్రాలు ఉన్నాయి. తన్ఖా కోసం తుపాకి భుజాన వేసుకుని వందల మైళ్ళు నడిచిన మామూలు సిపాహీ ఎలా ఉండేవాడు? తలపాగా ఏ రంగు? గడ్డం ఉండేదా? కాళ్ళకు ఏం తొడుక్కునేవాడు? బందూకు ఏ చేత్తో పట్టేవాడు?

ఈ సవాళ్ళను విసుగు లేకుండా అడిగే జమాత్ ఒకటి దునియా అంతటా ఉంది. బొటనవేలంత లోహపు సిపాహీలను పోగుచేసి, వాటికి సన్నని బ్రష్షుతో రంగులు వేసి, పెద్ద బల్ల మీద పాత జంగ్‌లను మళ్ళీ ఆడే షౌకీన్లు వాళ్ళు. ఈ షౌక్‌ను వార్‌గేమింగ్ అంటారు, ఆ బొమ్మలను మినియేచర్లు అంటారు. పిల్లల ఖేల్ అనుకునేరు. ఒక బటన్ రంగు సరిగ్గా ఉండాలని పాత దస్తావేజులు తిరగేసే పెద్దమనుషులు వీళ్ళు. మన కోస్తా తీరంలో ఈ షౌక్‌కు 200 ఏళ్ళ పైబడిన ఒక నమూనా ఉంది. దాని తవారీఖ్ మన ఇళ్ళల్లో తెలియాలని ఈ నాలుగు మాటలు.

షత్రంజ్ నుంచి బల్ల మీది మైదానం దాకా

లష్కరును చిన్నది చేసి బల్ల మీద పెట్టడం హింద్ నుంచే మొదలైంది. రథ, గజ, తురగ, పదాతి అనే నాలుగు అంగాల ఫౌజు చతురంగం అయింది. ఇరాన్ వెళ్ళి చత్రంగ్ అయింది, అరబ్బుల చేతిలో షత్రంజ్ అయింది. షా, ఫర్జీన్, ఫీల్, రుఖ్, పియాదా అన్న పేర్లు అక్కడివే. బగ్దాద్‌లో అబ్బాసీ ఖలీఫాల దర్బారులో 10వ శతాబ్దంలో అబూబక్ర్ అస్-సూలీ అనే ఆలిమ్ షత్రంజ్‌కు ఉస్తాద్. ఆ ఆట మీద కితాబు కూడా రాశాడు. అక్కడి నుంచి ఈ ఆట ఐరోపా చేరింది.

1780లో జర్మనీలోని బ్రున్స్‌విక్‌లో హెల్‌విగ్ అనే లెక్కల ఉస్తాద్ షత్రంజ్ పలకను వేయికి పైగా గళ్ళకు పెంచాడు. గళ్ళకు నేల రకాన్ని బట్టి రంగులు వేశాడు: ఇది కొండ, ఇది బురద, ఇది నీళ్ళు. పియాదా, సవార్, తోప్ ఏ నేల మీద ఎంత దూరం నడవగలవో కాయిదా పెట్టాడు. 1812లో రైస్విట్స్ అనే ప్రష్యా అధికారి గళ్ళు తీసేసి నిజమైన నేల ఆకారంలో బల్ల తయారుచేయించి బాద్‌షాకు నజరానాగా ఇచ్చాడు. 1824లో అతని కొడుకు దాన్ని నక్షా మీద ఆడే ఆటగా మార్చాడు. ప్రష్యా ఫౌజు తన అఫ్సర్లకు తాలీమ్ ఇవ్వడానికి దాన్ని వాడింది. జర్మన్ జబాన్‌లో దాని పేరు క్రీగ్‌ష్‌పీల్. జంగ్ ఆట అని అర్థం.

దాన్ని ఇళ్ళల్లోకి తెచ్చింది అదీబ్ హెచ్.జి. వెల్స్. 1913లో ‘లిటిల్ వార్స్’ అనే కితాబు రాసి, సీసం సిపాహీలతో నేల మీద కూర్చుని ఎలా ఆడాలో కాయిదాలు చెప్పాడు. ఆ కితాబు చివర ఆయన చెప్పిన బాత్ గుర్తుంచుకోవాలి. ఈ చిన్న జంగ్‌ను మూడు నాలుగు సార్లు ఆడితే అసలు జంగ్ ఎంత బేఅకల్ పనో అర్థమవుతుందని ఆయన సారాంశం. మరుసటి సంవత్సరమే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది.

ఇదంతా బయటి దునియా సంగతి. ఇప్పుడు మన తీరానికి వద్దాం.

రంగు ఫతే చేసిన జంగ్

మన పిట్టలవానిపాలెం మండలంలోనే చందవోలు ఉంది. వెలనాటి చోడుల రాజధాని అది. ఇక్కడి నుంచి ఎంతో దూరం లేని నిజాంపట్నం రేవులో 1611లో ఇంగ్లీషు కంపెనీ జహాజు ‘గ్లోబ్’ లంగరు వేసింది. 18వ శతాబ్దంలో ఈ నేల అంతా గుంటూరు సర్కారు. ఫారసీ కాగితాల్లో దాని పేరు ముర్తజానగర్. నిజాం అలీ ఖాన్ తమ్ముడు బసాలత్ జంగ్‌కు ఇది జాగీరు. 1766లో కంపెనీ మిగతా ఉత్తర సర్కారులను తీసుకున్నా, ఈ ఒక్కటీ బసాలత్ జంగ్ బతికున్నంత కాలం ఆయనదే అని ఒప్పందం. ఆయన 1782లో ఇంతెకాల్ అయ్యాక కూడా నిజాం వెంటనే వదల్లేదు. 1788లో గానీ గుంటూరు కంపెనీ చేతికి పోలేదు. అంటే ఫ్రెంచి, నిజాం, కంపెనీ ముగ్గురి సిపాహీలూ ఈ తీరం దారులన్నీ తొక్కిన జమానా అది.

అందులో ఒక జంగ్ చూడండి. 1758 డిసెంబరులో పిఠాపురం, గొల్లప్రోలు దగ్గర చందుర్తి మైదానంలో కంపెనీ తరఫున కల్నల్ ఫోర్డ్, ఫ్రెంచి తరఫున కాన్‌ఫ్లాన్స్ తలపడ్డారు. ఫోర్డ్ వెనక 500 మంది లోపు గోరాలు, సుమారు 2000 మంది సిపాహీలు, విజయనగరం ఆనంద గజపతిరాజు మనుషులు సుమారు 5000. అటు ఫ్రెంచి వైపు సుమారు 500 గోరాలు, 6000 మంది సిపాహీలు.

ఫోర్డ్ తెచ్చిన సిపాహీలు బెంగాల్ వాళ్ళు. అంతకు ముందు ఏడాది, 1757లో, క్లైవ్ బెంగాల్‌లో సిపాహీ పల్టనుకు మొదటిసారి గోరాల్లాగే ఎర్ర కోటు తొడిగించాడు. దాన్నే లాల్ పల్టన్ అన్నారు. ఆ ఎర్ర కోటు సిపాహీలను మన తీరంలో ఫ్రెంచివాళ్ళు అప్పటిదాకా చూసి ఉండలేదు. ఎర్ర కోటు అంటే ఇంగ్లీషువాడే అని వాళ్ళ నమ్మకం. అసలు గోరా పల్టన్ ఎత్తుగా పెరిగిన చేను వెనక కనబడకుండా ఉంది. దాని పక్కన ఎర్రగా మెరుస్తున్న సిపాహీల బారు కనబడింది. ఇదే ఇంగ్లీషు పల్టన్ అనుకుని ఫ్రెంచివాళ్ళు తమ జోరంతా వాళ్ళ మీద చూపించారు. సిపాహీల బారు చెదిరింది. ఫ్రెంచివాళ్ళు ఫతే మనదే అనుకుని తరుముతూ వస్తుంటే, చేను వెనక నుంచి అసలు గోరా పల్టన్ బయటికొచ్చి దగ్గర నుంచి కాల్చింది. అంతటితో ఆట మారిపోయింది. కాన్‌ఫ్లాన్స్ గుర్రం మీద రాజమండ్రికి పరుగెత్తాడు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కిల్లా కూడా ఫోర్డ్ చేతికి పోయింది. ఉత్తర సర్కారులలో ఫ్రెంచివాళ్ళ హుకూమత్ అక్కడితో ఖతం.

ఇప్పుడు ఆలోచించండి. ఒక కోటు రంగు ఒక తీరం తక్‌దీర్‌ను మార్చింది. ఫ్రెంచి తుపాకులు గోరాలకని గురిపెట్టిన గుండ్లు మన దేశపు సిపాహీల ఛాతీలకు తగిలాయి. ఫోర్డ్ పేరు కితాబుల్లో ఉంది, కాన్‌ఫ్లాన్స్ పేరు ఉంది. ఆ బారులో నిలబడి గుండ్లు తిన్నవాళ్ళ పేర్లు లేవు. అందుకే ‘రంగులో ఏముంది?’ అని ఎవరన్నా అంటే మినియేచర్ షౌకీన్లు నవ్వుతారు. చందుర్తి జంగ్‌ను బల్ల మీద పెట్టేవాడు ఫోర్డ్ సిపాహీలకు తెల్ల కోటు వేస్తే, ఆ జంగ్ ఎందుకలా జరిగిందో అతనికి ఎప్పటికీ అర్థం కాదు.

పెద్దాపురం ఇత్తడి లష్కర్

చందుర్తి మైదానానికి దగ్గర్లోనే పెద్దాపురం సంస్థానం. 1795 ప్రాంతంలో ఆ సంస్థానాధీశుడు తిమ్మ జగపతి రాజా కోసం విశాఖపట్నం ప్రాంతపు కారీగర్లు ఒక లష్కర్ తయారుచేశారు. ఇత్తడి లష్కర్. తుపాకి పట్టిన పియాదాలు, గుర్రపు సవార్లు, ఏనుగులు, ఒంటెలు, అన్నీ చేత్తో ఎత్తి పెట్టుకోగలిగిన బొమ్మలు. ఆ లష్కర్ తర్వాత చెల్లాచెదురైంది. కొన్ని బొమ్మలు ఇవాళ బ్రిటన్ మ్యూజియముల్లో అద్దాల వెనక ఉన్నాయి.

ఈ బొమ్మలు చేసే హునర్ చూడండి. ముందు మైనంతో సిపాహీని చేస్తారు. తలపాగా చుట్లు, తుపాకి గొట్టం, నడుము పట్టీ అన్నీ సన్నని మైనపు తీగలతో అతికిస్తారు. దాని చుట్టూ మెత్తని మట్టి, ఆపైన గట్టి మట్టి పూసి ఆరబెడతారు. నిప్పుల మీద పెడితే మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో కరిగించిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టి పగలగొడితే సిపాహీ బయటికొస్తాడు. అచ్చు పగిలిపోయింది కాబట్టి ఆ సిపాహీలాంటివాడు మళ్ళీ పుట్టడు. ప్రతి ఒక్కడూ వేరే మనిషి. ఒకడి తల కాస్త వంగి ఉంటుంది, ఒకడి మీసం కాస్త పొడుగు. ఐరోపాలో అదే జమానాలో తయారైన తగరపు సిపాహీలకు ఈ తేడా లేదు. ఒకే అచ్చులో వేలమంది.

ఆ బొమ్మలు ఎవరిని చూసి చేశారు? కారీగరు కళ్ళ ముందు తిరిగే పల్టన్లనే. అదే విశాఖలో 1780 అక్టోబరులో ఏం జరిగిందో తెలుసుకుంటే ఈ బొమ్మలు వేరే రకంగా కనబడతాయి. మైసూరు హైదర్ అలీ మీద జంగ్ కోసం కంపెనీ వాళ్ళు సర్కారుల సిపాహీలను జహాజు ఎక్కి మద్రాసు పొమ్మని హుకుం ఇచ్చారు. సిపాహీలు ఎక్కమన్నారు. బలవంతం చేస్తే తిరగబడ్డారు. ఇంగ్లీషు అఫ్సర్లు కొందరు హతమయ్యారు. ఆ బగావత్‌కు ముందు నిలిచినవాడు మన ఖౌమ్‌కు చెందిన ఒక సుబేదార్. 1857కు 77 ఏళ్ళ ముందు మాట ఇది.

ఇంకో తారీఖు కూడా పక్కన పెట్టుకోండి. 1794 జులై 10న పద్మనాభం దగ్గర కంపెనీ ఫౌజు విజయనగరం చిన విజయరామరాజును, ఆయన మనుషులను చంపింది. ఉత్తర సర్కారుల జమీందార్లకు దాంతో తెలిసిపోయింది, ఇక సొంత లష్కర్‌తో మైదానంలో దిగే జమానా పోయిందని. ఆ తర్వాత ఏడాదికి అటూ ఇటూగా పెద్దాపురంలో ఇత్తడి లష్కర్ బారులు తీరింది. ఈ రెండు తారీఖులు కలిపి చదివినప్పుడల్లా నాకు మనసు ఒకలా అవుతుంది. నిజమైన ఫౌజు చేతిలోంచి జారిపోయే వేళ, గుప్పెట్లో పట్టే ఫౌజు మిగిలింది.

వర్దీ అంటే ఇజ్జత్

పదకొండేళ్ళ తర్వాత రంగు, తలపాగా, గడ్డం, ఇవే ఒక కిల్లాను రక్తంతో ముంచాయి. మద్రాసు ఫౌజు కమాండర్ క్రాడక్ 1805 నవంబరులో కొత్త వర్దీ హుకుం తెచ్చాడు. పాత తలపాగా తీసేసి గోరాల టోపీని పోలిన గుండ్రటిది పెట్టాలి, దానికి తోలు కుచ్చు ఉంటుంది. హిందూ సిపాహీలు నుదుట నామం, విభూతి పెట్టకూడదు, చెవి పోగులు తీసేయాలి. ముస్లిం సిపాహీలు గడ్డం తీయాలి. ఎదురు చెప్పినవాళ్ళకు కొరడా దెబ్బలు పడ్డాయి. 1806 జులై 10 తెల్లవారకముందే వెల్లూరు కిల్లాలో సిపాహీలు లేచారు. ఆ కిల్లాలోనే టిపూ సుల్తాన్ షెహజాదాలు ఖైదులో ఉన్నారు. కిల్లా మీద మైసూరు నిశాన్ ఎగిరింది. ఆర్కాటు నుంచి గిలెస్పీ గుర్రపు దళంతో వచ్చేదాకా కిల్లా సిపాహీలదే. ఆ పైన జరిగింది ఖత్లే ఆమ్. వందల మంది సిపాహీలు చనిపోయారు. కంపెనీ వెనక్కి తగ్గి కొత్త వర్దీ హుకుం రద్దు చేసింది. క్రాడక్‌ను, మద్రాసు గవర్నర్ బెంటింక్‌ను వెనక్కి పిలిపించుకుంది.

ఈ కహానీ తెలిసినవాడు మద్రాసు సిపాహీ బొమ్మకు రంగు వేసేటప్పుడు తలపాగా దగ్గర చేయి ఆగుతుంది. 1790ల సిపాహీ అయితే నీలం తలపాగా, పొట్టి ఎర్ర కోటు, దాని మీద అడ్డంగా తెల్ల పట్టీలు, మోకాళ్ళ పైదాకా వచ్చే పొట్టి జాంఘియా, కాళ్ళకు చెప్పులు. 1806 సిపాహీ అయితే నెత్తి మీద ఏముందన్నది ప్రాణాలు పోయిన సవాలు.

సీసం సిపాహీలు, సాలార్ జంగ్ షౌక్

ఐరోపాలో లోహపు సిపాహీల కారోబార్ 1770లలో జర్మనీ నూరెంబర్గ్‌లో హిల్పర్ట్ ఖాందాన్‌తో జోరందుకుంది. అవి తగరంతో చేసిన పలచని రేకు బొమ్మలు. పక్క నుంచి చూస్తే మనిషి, ఎదురుగా చూస్తే గీత. 1893లో లండన్‌లో విలియం బ్రిటన్ ఒక కొత్త తర్‌కీబ్ కనిపెట్టాడు. కరిగించిన సీసం అచ్చులో పోసి, బయటి పొర గట్టిపడగానే లోపలిదాన్ని వెనక్కి వొంపేయడం. బొమ్మ నిండుగా కనబడుతుంది, లోపల డొల్ల. సీసం తక్కువ, బరువు తక్కువ, ధర తక్కువ. 54 మిల్లీమీటర్ల ఎత్తు బొమ్మలతో బ్రిటన్స్ కంపెనీ జర్మన్ల బజారును లాగేసుకుంది.

ఆ పెట్టెల్లో సామ్రాజ్యంలోని పల్టన్లన్నీ ఉండేవి. బెంగాల్ సవార్లు, సిక్కులు, గూర్ఖాలతో పాటు మద్రాసు నేటివ్ ఇన్‌ఫెంట్రీ పెట్టె కూడా. లండన్ పిల్లలు మన మద్రాసు సిపాహీని నేల మీద బారు తీసి ఆడుకున్నారు. కానీ అచ్చు ఒకటే, సూరత్ ఒకటే. పెద్దాపురం ఇత్తడి సిపాహీకి ఉన్న సొంత ముఖం ఈ సిపాహీకి దక్కలేదు.

ఈ బొమ్మల షౌక్ మన దక్కన్‌కూ వచ్చింది. హైదరాబాద్ దీవాన్‌గా పనిచేసిన మీర్ యూసుఫ్ అలీ ఖాన్, మూడో సాలార్ జంగ్, జిందగీ అంతా పోగుచేసిన వస్తువుల్లో పిల్లల బొమ్మలు కూడా ఉన్నాయి. మ్యూజియంలో బాలల విభాగంలో లోహపు సిపాహీలు బారులు తీరి ఉంటారు. ఆయన 1949లో ఇంతెకాల్ అయ్యారు. 1951 డిసెంబరులో దీవాన్ దేవిడీలో నెహ్రూ చేతుల మీదుగా మ్యూజియం తెరుచుకుంది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న ఇమారత్‌కు మారింది. హైదరాబాద్ వెళ్ళే ప్రతి ఖాందాన్ గడియారం గంట కొట్టేది చూడ్డానికి నిలబడుతుంది, ముసుగు రెబెక్కా దగ్గర నిలబడుతుంది. ఈసారి పిల్లలను ఆ సిపాహీల దగ్గర కూడా కాసేపు ఆపండి. ‘వీళ్ళలో మనవాళ్ళు ఎవరు?’ అని వాళ్ళతో అడిగించండి.

ఇంట్లో ఎలా చేస్తారు?

ఇవాళ్టి మినియేచర్లు ఎక్కువగా 28 లేదా 15 మిల్లీమీటర్ల ఎత్తువి. తగరం ఎక్కువగా ఉండే తెల్ల లోహాన్ని, గిరగిర తిరిగే రబ్బరు అచ్చులో పోసి తయారుచేస్తారు. బొమ్మ చేతికి రాగానే అచ్చు కలిసిన చోట మిగిలిన సన్నని గీతను చాకుతో గీకేయాలి, సబ్బు నీళ్ళతో కడగాలి. ఆరాక అడుగు పూత వేయాలి. ఆ పైన కోటు, జాంఘియా, తలపాగా, తోలు రంగులు. తర్వాత నీళ్ళలా పలచన చేసిన ముదురు రంగు ఒకసారి పూస్తే అది మడతల్లోకి దిగి నీడలా కూర్చుంటుంది. ఎత్తుగా ఉన్న అంచుల మీద కాస్త లేత రంగు తాకిస్తే వెలుగు వచ్చేస్తుంది. బ్రష్షు కొన సన్నగా ఉండాలి, చేతికి సబర్ ఉండాలి.

ఇప్పుడు హిసాబ్. ముప్పై మంది అసలు సిపాహీలకు ఒక బొమ్మ అని పెట్టుకుని చందుర్తి జంగ్‌ను బల్ల మీదికి తెద్దాం. రెండు వైపుల గోరాలూ కలిపి 1000 మంది, అంటే సుమారు 33 బొమ్మలు. ఫోర్డ్ సిపాహీలు 66, విజయనగరం మనుషులు 166, ఫ్రెంచి సిపాహీలు 200. కలిపి 432. ఒక గోరా బొమ్మకు పదమూడు మంది మన దేశపు బొమ్మలు. ఇంగ్లీషు, ఫ్రెంచి జంగ్ అని బడి పుస్తకంలో చదువుకున్నదాన్ని ఒక్కసారి బల్ల మీద పేర్చి చూస్తే, అది ఎవరి ప్రాణాలతో ఆడిన జంగో కంటికి కనబడుతుంది. పుస్తకంలో వంద పేజీలు చెప్పలేనిది ఆ 432 బొమ్మలు చెబుతాయి.

రెండు ఎహ్తియాత్‌లు తప్పనిసరి. మొదటిది సీసం. బ్రిటన్స్ కంపెనీయే 1966లో డొల్ల సీసం బొమ్మలు ఆపేసింది. పాత సీసం బొమ్మలు చిన్నపిల్లల చేతికి ఇవ్వొద్దు, నోట్లో పెట్టుకుంటే జెహర్. పెద్దవాళ్ళు కూడా ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి. బ్రష్షు కొనను పెదాలతో తడిపే ఆదత్ అసలొద్దు. ఇంట్లో సీసం కరిగించే పని పెట్టుకోకండి. ఆ పొగ పిల్లల బుర్రకు, నరాలకు నుక్సాన్ చేస్తుంది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 దాటకూడదని 2016లో నియమం వచ్చింది, 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. రంగు డబ్బా కొనేటప్పుడు సీసం లేదని రాసి ఉందో లేదో చూడండి.

రెండోది దీన్ సంగతి. మనిషి బొమ్మల మీద ఉలమాల మధ్య ఇఖ్తిలాఫ్ ఉంది. హజ్రత్ ఆయిషా (రజి.) బొమ్మలతో ఆడుకున్న సంగతి బుఖారీలో ఉంది, రెక్కల గుర్రం బొమ్మ సంగతి అబూ దావూద్‌లో ఉంది. అలమారాలో అలంకారంగా పెట్టడం వేరు, పిల్లల ఆట వేరు అని చెప్పేవాళ్ళున్నారు, రెండూ వద్దనేవాళ్ళూ ఉన్నారు. మీకు తెలిసిన ఆలిమ్‌ను అడిగి మీ ఇంటికి తగ్గట్టు నడవండి. పాచికల మీద అభ్యంతరం ఉన్న ఇళ్ళకు ఒక ఆసాన్ దారి ఉంది. 1876లో జర్మనీలోనే ఫెర్డీ దు వెర్నువా అనే అఫ్సర్ పాచికలు పక్కన పెట్టి, తజుర్బా ఉన్న ఒక పెద్దమనిషి ఫైసలా చెప్పే పద్ధతిని ముందుకు తెచ్చాడు. ఇంట్లో దాదానో నానానో ఆ హకమ్‌గా కూర్చోబెడితే ఆట సాగుతుంది. బల్ల చుట్టూ మూడు తరాలు కూర్చుంటాయి.

మన సర్కారు, మన సిపాహీ

లోహం బొమ్మలు ఖరీదు. పల్లెటూళ్ళో దుకాణంలో దొరకవు. అందుకని ఆగనక్కరలేదు. మందపాటి అట్ట మీద గీసి కత్తిరించిన సిపాహీతో కూడా మొదలుపెట్టొచ్చు. కొండపల్లి కారీగర్లు వాడే తెల్లపొణికి లాంటి తేలిక కర్రతోనూ చెక్కొచ్చు. అసలు పని గీతకు ముందు జరుగుతుంది. వాడు ఏ పల్టన్, ఏ సంవత్సరం, ఎవరి తన్ఖా తిన్నాడు, ఎవరి మీద తుపాకి ఎత్తాడు, ఎప్పుడు ఎత్తనన్నాడు? ఇవి అడిగాకే రంగు కలపాలి.

మన ఇళ్ళల్లో పాత ఇనప్పెట్టెలు తెరిచి చూడండి. ఫౌజులో చేసిన పెద్దవాళ్ళ డిశ్చార్జి కాగితం, పెన్షన్ పుస్తకం, ఒక మెడల్, బెల్టు బకిల్, గ్రూపు ఫోటో, ఏదో ఒకటి ఉండొచ్చు. దాని మీద ఉన్న పల్టన్ పేరు, నంబరు పిల్లలతో రాయించండి. దాదీ, నానీలు బతికుండగానే అడిగించండి: ఆయన ఎక్కడికి వెళ్ళాడు, ఏం తొడుక్కునేవాడు, ఇంటికి ఏం తెచ్చాడు. ఆ వివరాలతో ఒక్క సిపాహీకి రంగు వేయించండి. ముఖానికి డబ్బాలోంచి తీసిన ఒకే గోధుమ రంగు పూయనివ్వకండి. ఇంట్లో ఉన్నవాళ్ళ చేతుల పక్కన పెట్టి, ఒక్కొక్కరి చామనఛాయ చూసి కలపమనండి. అడుగున ఆయన పేరు ఉర్దూలోనూ తెలుగులోనూ రాయించండి.

పెద్దాపురం కారీగరు ప్రతి సిపాహీకీ సొంత ముఖం ఇచ్చాడు, పేరు మాత్రం ఇవ్వలేకపోయాడు. మన చేతిలో పేర్లు ఉన్నాయి. బుజుర్గులు వెళ్ళిపోకముందే అడిగి రాసుకుందాం, ఇన్షా అల్లాహ్.

ఖుదా హాఫిజ్.